అమ్మాయి అడిగిన ఒక్క సంగతి

ఈ వారం ఉత్తరం పశ్చిమ గోదావరి జిల్లా నుంచి వచ్చింది. రాసినాయన హైస్కూల్లో సోషల్ మాస్టారు, 47 ఏళ్లు. పేరూ ఊరూ వద్దన్నారు. రూళ్ల కాగితాల మీద ఎనిమిది పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. కుదించి చెబుతాను.

ఆయనకి ఒక్కతే కూతురు. మొన్న ఆగస్టులో ఇంజినీరింగ్ చదువుకి చెన్నై వెళ్లింది. వెళ్లే ముందురోజు రాత్రి సూట్‌కేసు సర్దుకుంటూ, "నాన్నా, నా చిన్నప్పటి సంగతి ఏదైనా ఒకటి చెప్పు, విని పడుకుంటా" అంది. "చాలా అల్లరి చేసేదానివి" అన్నారు. "ఏం అల్లరి?" అంది. "అన్నం దగ్గర ఏడిపించేదానివి." "అది అందరు పిల్లలూ చేసేదేగా. ఏదో ఒకరోజు జరిగింది చెప్పు." ఆయనకి ఏమీ రాలేదు. కాసేపు చూసి, అమ్మాయి నవ్వేసి "సర్లే, పడుకో" అంది. ఆయన మాత్రం తెల్లవార్లూ మేలుకునే ఉన్నారు.

"ప్లాసీ యుద్ధం 1757, బక్సార్ 1764. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పదో తరగతి ఎ సెక్షన్‌లో 42 మంది రోల్ నంబర్లు వరసగా చెబుతాను. నా కూతురి గురించి ఒక్క రోజు చెప్పలేకపోయాను. నేనేం తండ్రిని మేడమ్ గారూ?" అని రాశారు.

రెండేళ్ల కిందట వాళ్ల నాన్నగారు పోయారు. చివర్లో 40 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. పగలు తమ్ముడు, రాత్రుళ్లు ఈయన. అందులో ఒక రాత్రి పెద్దాయన మూడోసారి పక్క తడిపితే, నిద్ర లేని చిరాకులో "పసిపిల్లాడివా? ముందే చెప్పొద్దా?" అని కసిరారు. పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇప్పుడు స్కూలు వరండాలో పొద్దున్నే ఫినాయిల్ వేసి కడుగుతుంటే చాలు, ఆ గోడవైపు తిరిగిన మొహం కళ్ల ముందుకొస్తుంది. ఇక మొదటి పీరియడ్ సాగదు. "పిలవనిది రోజూ వస్తోంది, పిలిచింది ఒక్కసారీ రాదు" అన్నారు.

నాన్నగారు పోయిన కొన్నాళ్లకి నిద్ర తగ్గింది, తిండి తగ్గింది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. అక్టోబరులో మానసిక వైద్యుడి దగ్గరకి వెళ్తే డిప్రెషన్ అన్నారు. పొద్దున ఒక మాత్ర, రాత్రి నిద్రకి చిన్న మాత్ర ఇచ్చారు. నిద్ర కొంచెం నయం. ఆయన నాయనమ్మకి చివర్లో మతిమరుపు వచ్చిందట, తనకీ అదేనేమోనని భయం. లేదా ఈ మాత్రలే జ్ఞాపకాలు చెరిపేస్తున్నాయేమో, మానేస్తే మంచిదేమోనని అనుమానం. అసలు కూతురి మీద ప్రేమే లేదేమో, అందుకే మనసులో పడలేదేమోనన్నది అన్నిటికన్నా పెద్ద దిగులు. వాళ్లావిడ రోజూ రాత్రి ఆల్బమ్ తీసి ముందు పెడుతోంది, "మంచి రోజులు తలుచుకోండి, మనసు కుదుటపడుతుంది" అని. చూసిన ప్రతిసారీ ఇంకా కిందకి జారిపోతున్నట్టుంటుందట.

సంతకం తర్వాత, మార్జిన్‌లో, చిన్న అక్షరాల్లో ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి: "పోయినవారం బస్టాండులో పక్కన ఎవరో తేగ చీలుస్తున్నారు. ఆ చప్పుడుకి ఉన్నట్టుండి మా అమ్మాయి కనిపించింది. నాలుగేళ్లది, మా అత్తగారి ఇంటి అరుగు మీద. తేగ మధ్యలో లేత పుల్ల ఉంటుంది, మేం చందమామ అంటాం. పరధ్యానంలో నేను నోట్లో వేసుకున్నాను. అది నా గడ్డం కింద దోసిలి పట్టి 'నా చందమామ ఉమ్మెయ్ నాన్నా' అని ఏడుస్తోంది. రెండు సెకన్లు, అంతే. బస్సు వచ్చింది. వెతికితే లేనిది, వెతకనప్పుడు రావడమేమిటి? ఇదీ జబ్బేనా?"

మాస్టారూ,

ముందు మీ ఆరో పేజీలో ఒక వాక్యం గురించి మాట్లాడాలి. "నేను లేకపోయినా దానికి చెప్పుకోడానికి నా నుంచి ఏం మిగిలింది గనక" అని రాశారు. అది దిగులులో రాసిన మాటేనా, లేక పోవాలన్న ఆలోచన నిజంగా వస్తోందా అన్నది నాకు కాగితం మీంచి తెలియదు. అందుకే సూటిగా అడుగుతున్నాను. వస్తుంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి మీ ఆవిడకి చెప్పండి, ఇవాళే. డాక్టరుగారికి ఫోన్ చేయండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. అర్ధరాత్రి ఎవరూ దొరకకపోతే టెలి మానస్ 14416 ఉంది. డబ్బులేం తీసుకోరు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. సైన్సు సంగతులు రెండు రోజులు ఆగి చదివినా ఏమీ కాదు.

ఇక మతిమరుపు భయం. నేను సైకాలజిస్టుని, మందులు రాసే డాక్టర్ని కాను, చూడకుండా నిర్ధారించలేను. కానీ మీరు రాసిన తీరు మీ నాయనమ్మగారి తీరులా లేదు. ఆ జబ్బు మామూలుగా కొత్త సంగతులతో మొదలవుతుంది. పొద్దున తిన్నది, నిన్న వచ్చిన చుట్టం, అడిగిందే మళ్లీ అడగడం. చాలాసార్లు మనిషి తాను మర్చిపోతున్నట్టే గమనించడు, ఇంట్లోవాళ్లు గమనిస్తారు. మీరు 42 మంది రోల్ నంబర్లు చెబుతున్నారు, బస్టాండులో రెండు సెకన్లు నడిచిన సంగతి వారం తర్వాత పొల్లు పోకుండా రాశారు. అయినా భయం మనసులో ఉంచుకునే బదులు థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించుకోండి, గురక, నిద్ర సంగతి కూడా డాక్టరుతో చెప్పండి. జ్ఞాపకశక్తిని మందగింపజేసేవాటిలో ఇవి తరచుగా కనిపిస్తాయి, చాలావరకు సరిచేయదగ్గవి.

ఇప్పుడు ఆ రాత్రి, సూట్‌కేసు పక్కన, అసలేం జరిగిందో చూద్దాం.

1986లో ఇంగ్లండ్‌లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే ఇద్దరు, ఆత్మహత్యకి ప్రయత్నించి ఆస్పత్రిలో చేరినవాళ్లతో ఒక చిన్న పని చేయించారు. ఒక మాట ఇస్తారు, 'సంతోషం' లాంటిది. అది వినగానే మీ జీవితంలో ఫలానా రోజు జరిగిన ఒక సంఘటన చెప్పండి అంటారు. అందులో చాలామంది జవాబు మీ అమ్మాయికి మీరిచ్చిన జవాబులాగే ఉంది. "నాన్నతో షికారుకి వెళ్తుండేవాణ్ణి" అంటారు. ఏ రోజు, ఎక్కడికి అంటే, మళ్లీ "ఆదివారాలు వెళ్తుండేవాళ్లం" అంటారు. అప్పట్నుంచి చాలా దేశాల్లో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఇదే మళ్లీ మళ్లీ చూశారు. తెలుగులో దీన్ని పట్టుకోవడం సులువు. మన క్రియలే చెప్పేస్తాయి. "ఏడ్చింది" అంటే ఒక రోజు. "ఏడ్చేది" అంటే ఏ రోజూ కాదు. మీరు ఆ రాత్రి అమ్మాయికి చెప్పినవన్నీ "చేసేదానివి", "ఏడిపించేదానివి". ఎనిమిది పేజీల ఉత్తరంలో మీ మంచి రోజులన్నీ 'ఏది', 'ఏవాళ్లం' అనే తోకతోనే ఉన్నాయి. పెన్సిలుతో గీసి చూశాను.

కావాలని గుర్తు తెచ్చుకోవడం మీ హాజరు పట్టీలో ఒక పిల్లాడి ఫలానా రోజు హాజరు వెతకడం లాంటిది. ముందు ఏ సంవత్సరం పట్టీయో తీయాలి, తర్వాత తరగతి, నెల, పేరు, అప్పుడు ఆ గడి. జ్ఞాపకం కోసం వెతికేటప్పుడూ మనసు ఇలాగే పై మెట్టు నుంచి కింది మెట్టుకి దిగుతుంది: 'నా కూతురి చిన్నతనం', 'అత్తగారి ఊళ్లో సెలవులు', 'ఆ అరుగు', 'ఆ పూట'. డిప్రెషన్‌లో రెండో మెట్టు దగ్గరే కాలు ఆగిపోతుంది. గడి ఖాళీగా ఉందనుకుంటారు మీరు. నిజానికి గడి దాకా వెళ్లలేదు.

ఎందుకు ఆగుతుంది? విలియమ్స్ బృందం తర్వాత 2007లో మూడు కారణాలు కలిపి చెప్పింది, మీ విషయంలో మూడూ కనిపిస్తున్నాయి. వెతికే పనికి ఓపిక కావాలి. ఒకదాన్ని పట్టుకుని, పక్కవాటిని తోసేస్తూ దిగాలి. నిద్ర లేని, తిండి తినని మనిషికి అది లేదు. ఇక సగం దూరం దిగేసరికి ఏదో ఒక మాట గేలంలా తగులుకుంటుంది. అమ్మాయి "ఏం అల్లరి?" అన్న క్షణంలో మీ మనసు అల్లరిని వెతకడం మానేసి "నేనేం తండ్రిని" అన్న ప్రశ్న వెంట వెళ్లిపోయింది. దాన్ని నమలడం మొదలెట్టాక ఇంక వెతికేదెవరు? మూడోది కొంచెం లోతైనది. గడి దాకా వెళ్తే అక్కడ నొప్పి ఉండొచ్చని మనసు నేర్చుకుంటుంది. ఆస్పత్రి 40 రాత్రుల్లోకి దిగకుండా ఉండటానికి పై మెట్టు మీదే నిలబడటం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటుకి చేదేదో తీపేదో తేడా తెలియదు. తలుపు వేస్తే రెండూ లోపలే ఉండిపోతాయి.

ప్రేమ ఈ మూడింట్లో ఎక్కడా లేదు మాస్టారూ. ప్లాసీ యుద్ధం గుర్తుండటంతో కూడా దీన్ని పోల్చకండి. 1757 అన్నది తెలిసిన విషయం, మీరు అక్కడ లేరు. దానికి మెట్లు దిగక్కర్లేదు.

ఇక మీరు మార్జిన్‌లోకి నెట్టేసిన నాలుగు లైన్లు. నా మటుకు నాకు ఉత్తరమంతటిలో ముఖ్యమైనవి అవే.

దానంతటదే వచ్చే జ్ఞాపకాన్ని డెన్మార్క్‌లో డోర్తె బెర్న్‌ట్‌సెన్ అనే ఆవిడ ముప్పై ఏళ్లుగా చదువుతున్నారు. మనుషుల చేతికి చిన్న పుస్తకం ఇచ్చి, పిలవకుండా ఏ జ్ఞాపకం వచ్చినా అప్పటికప్పుడు రాయమంటారు. ఎక్కువగా ఇవి మనసు ఏ పనిలోనూ గట్టిగా లగ్నం కానప్పుడు వస్తాయి. నడుస్తున్నప్పుడు, గిన్నెలు కడుగుతున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు. చాలాసార్లు చుట్టూ ఉన్నదేదో, ఒక వాసనో చప్పుడో, తీసుకొస్తుంది. ఇవి మెట్లు దిగి రావు. నేరుగా ఆ గడి లోంచే లేస్తాయి. అందుకే కావాలని తెచ్చుకున్నవాటికంటే ఇవే ఎక్కువగా ఒక రోజు, ఒక చోటు అన్నట్టు నికరంగా ఉంటాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లతో ఇలా రాయించినప్పుడూ ఈ తేడా కనిపించింది. తేగ చీలిన చప్పుడు మీకు అదే చేసింది. జబ్బా అని అడిగారు. కాదు. మీలో జబ్బు ముట్టుకోని భాగం పని చేస్తోందనడానికి గుర్తు.

కానీ ఇదే తలుపు లోంచి ఫినాయిల్ కూడా వస్తోంది. పిలవకుండా వచ్చేవాటిలో ఏది వస్తుందన్నది ఆ పూట మనసు ఎలా ఉందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. 1982లో డేవిడ్ క్లార్క్, జాన్ టీస్‌డేల్ డిప్రెషన్ ఉన్నవాళ్లనే రోజులో దిగులెక్కువ ఉన్న వేళ ఒకసారి, తక్కువ ఉన్న వేళ ఒకసారి జ్ఞాపకాలు అడిగారు. మనిషి అదే, జీవితం అదే, దిగులెక్కువ వేళ మాత్రం చేదు సంగతులే ఎక్కువగా వచ్చాయి. చాలామందికి ఆ వేళ పొద్దుటి పూట. మీకూ అంతేనని రాశారు. పొద్దున, ఫినాయిల్, ఖాళీ వరండా. అన్నీ ఒకే చోట కూడుతున్నాయి.

ఇక్కడ మీ ఉత్తరాన్ని మీకే చూపించాలి. మీరు ఆస్పత్రిలో 40 రాత్రులు ఉన్నారు. దాని గురించి మీరు రాసింది అర వాక్యం: "రాత్రుళ్లు నేను ఉండేవాణ్ణి." 'ఉండేవాణ్ణి'. కసిరిన రాత్రి గురించి రాసింది ఒకటిన్నర పేజీ, టైముతో సహా. మిగతా 39 రాత్రులు తోకలో కలిసిపోయాయి, ఒక్క రాత్రి గడిలో నిలబడింది. ఆ ఒక్కటీ దానంతటదే వస్తోంది కాబట్టి నికరంగా ఉంది. మిగతావి మీరు వెతికి తేవాల్సినవి, అందుకే మసకగా ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి మీరు తీర్పు రాసేసుకున్నారు. పిల్లలెవరైనా జవాబు పత్రంలో ఒక్క ఆధారంతో చరిత్ర రాస్తే మీరు మార్కులేస్తారా?

ఇంకోటి. మీ కథనం గోడవైపు తిరిగిన మొహం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏం జరిగింది? రాత్రి మీరొక్కరే ఉన్నారన్నారు. మరి దుప్పటి ఎవరు మార్చారు? పెద్దాయన తెల్లారి మీతో ఏమన్నారు? నాకు తెలియదు, మంచే జరిగి ఉంటుందని ఊరడించను. కానీ ఇలా తోసుకొచ్చే జ్ఞాపకాలు చాలాసార్లు అన్నిటికంటే చేదైన చోట బొమ్మలా ఆగిపోతాయి. దాన్ని తోసెయ్యాలని చూస్తే ఇంకా బలంగా వస్తుంది, అది మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వచ్చినప్పుడు "ఆ తర్వాత?" అని అడగడం ఒక దారి. ఒంటరిగా చేస్తే మొదట్లో ఏడుపు రావచ్చు, కొందరికి ఆ రోజంతా పాడవుతుంది. అందుకని దీన్ని మాత్రం కౌన్సెలింగ్ చేసేవారి ఎదుట కూర్చుని చేయడమే నయం. ఈలోగా హెడ్‌మాస్టరుగారిని అడిగి వరండా కడిగే వేళ మొదటి గంటకి ముందుకి జరిపించుకున్నా తప్పులేదు. అది పిరికితనం కాదు, ఈ నెలకి ఒక వెసులుబాటు. కాకపోతే అన్ని వాసనల నుంచీ అలా తప్పుకుంటూ పోతే తేగల బండి నుంచి కూడా తప్పుకున్నట్టవుతుంది.

మాత్రల సంగతి. మానేస్తే ఏమవుతుంది? పొద్దుటి మాత్ర డిప్రెషన్‌కి ఇచ్చేదే అయి ఉంటుంది. అది పద్నాలుగేళ్ల కిందటి అరుగుని చెరిపెయ్యదు. హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, చిరాకు, నిద్ర చెడటం, ఒంట్లో కరెంటు పాకినట్టుండటం జరగొచ్చు, దిగులు తిరగబెట్టొచ్చు. రాత్రి మాత్ర విషయంలో మీ అనుమానాన్ని పూర్తిగా కొట్టెయ్యను. నిద్రకి ఇచ్చేవాటిలో కొన్ని రకాలు కొత్త సంగతులు మనసులో నాటుకోవడాన్ని మందగింపజేస్తాయి. మీది ఆ రకమేనా, ఎన్నాళ్లు వాడాలి అని డాక్టరునే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. కొన్ని రకాలు హఠాత్తుగా ఆపితే ప్రమాదం కూడా, కాబట్టి తగ్గించాలన్నా ఆయన చెప్పినట్టే తగ్గించాలి. ఇంకో మాట ముందే చెప్పి ఉంచుతాను. దిగులు తగ్గాక కూడా ఈ 'ఏది', 'ఏవాళ్లం' అలవాటు కొందరిలో కొన్నాళ్లు మిగులుతుంది. అందుకని జనవరికల్లా జ్ఞాపకాలు రాలేదు కాబట్టి మందు పనిచేయలేదని లెక్క కట్టకండి.

ఆల్బమ్. మీ ఆవిడ ఉద్దేశం బంగారం, ఆవిణ్ణి ఏమీ అనకండి. కానీ రోజూ రాత్రి అది మీకు మందు కాదు, పరీక్ష. 2007లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. మనుషుల్ని కాసేపు దిగులుపరిచి, తర్వాత సంతోషమైన రోజు తలుచుకోమన్నారు. డిప్రెషన్ ఎప్పుడూ రానివాళ్ల మనసు తేలికపడింది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి దిగులు ఇంకా పెరిగింది. "అప్పుడు అలా ఉన్నాను, ఇప్పుడు ఇలా ఉన్నాను" అన్న పోలిక మధ్యలో దూరుతుందని నా అభిప్రాయం. ఆల్బమ్‌లో నవ్వుతున్నాయన మీకు పరాయివాడిలా కనిపిస్తున్నాడని మీరే రాశారు.

మరి ఆల్బమ్ అటకెక్కించెయ్యాలా? అదొక దారే. ఓ రెండు నెలలు మూసిపెడితే నష్టం లేదు, కాకపోతే మీ ఆవిడ తన సాయాన్ని మీరు తోసేశారనుకోవచ్చు. కారణం చెప్పి మూయండి. ఇంకో దారి, చూసే పద్ధతి మార్చడం. 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు గమనించిందేమిటంటే, మంచి జ్ఞాపకాన్ని "ఇది నా గురించి ఏం చెబుతోంది, ఇప్పుడెందుకు ఇలా లేను" అని తలిస్తే డిప్రెషన్ ఉన్నవాళ్లకి లాభం లేదు. అదే జ్ఞాపకాన్ని "ఏం జరిగింది, ఎలా జరిగింది, ఏం కనిపించింది, ఏం వినిపించింది" అని వివరంగా తలిస్తే మనసు కొంచెం తేలికపడింది. అంటే రోజుకి ఒకే ఫొటో తీసుకోండి, సాయంత్రం, మీకు కాస్త బాగుండే వేళ. అందులో అమ్మాయి వేసుకున్న గౌను ఎక్కడ కొన్నారు? ఫొటో తీసిందెవరు? తీసేముందు ఏం గొడవైంది? మీ ఆవిడకి చాలా గుర్తుంటాయి. ఆవిడ చెబుతుంటే వినండి. ఆలుమగల జ్ఞాపకం ఉమ్మడి ఆస్తి లాంటిది, ఆవిడ పేరున ఉన్నంత మాత్రాన మీది కాకుండా పోదు. ఫొటో చూస్తుంటే "నేనేం తండ్రిని" అన్న పాట మొదలైతే మాత్రం ఆల్బమ్ మూసేసి లేచి నడవండి. ఆ రోజుకి చాలు.

మెట్లు దిగడం నేర్పే పద్ధతి కూడా ఒకటుంది. బెల్జియంలో ఫిలిప్ రాస్ అనే ఆయన బృందం 2009లో దీన్ని బృందాలుగా కూర్చోబెట్టి నేర్పించింది. తర్వాత ఇరాన్‌లో తలదాచుకున్న, ఆప్తుల్ని పోగొట్టుకున్న ఆఫ్ఘన్ పిల్లలతో చేస్తే జ్ఞాపకాలు నికరమయ్యాయి, కొన్నాళ్లకి దిగులూ తగ్గింది. మందు బదులు అని ఎవరూ అనలేదు, మందుతో పాటు. చేసేది చాలా మామూలు పని, మీకైతే కాపీ రాయించినట్టే ఉంటుంది. ఒక మాట తీసుకోండి. 'సంతోషం' లాంటి పెద్ద మాటలొద్దు, 'గొడుగు', 'సుద్దముక్క', 'చిల్లర' లాంటివి. దానితో కలిసిన ఒక సంగతి, ఒకే రోజులో మొదలై ముగిసినది, రాయండి. మొదటి వారం నిన్నా మొన్నటివే. "నిన్న మూడో పీరియడ్‌లో సుద్దముక్క విరిగి ముందు బెంచీ పిల్లాడి తల మీద పడింది" చాలు. మంచిదే కానక్కర్లేదు. 'ఏది', 'ఏవాళ్లం' తోక కనబడితే ఎర్ర ఇంకుతో సున్నా చుట్టండి, అది మీకు అలవాటైన పనేగా. వారం తర్వాత ఒక ఏడాది వెనక్కి, ఆ తర్వాత ఇంకా వెనక్కి. అమ్మాయి చిన్నతనం దగ్గరికి తొందరపడి వెళ్లకండి, ఆ చోట మీ మీద ఒత్తిడి ఎక్కువ.

అదే పుస్తకం వెనక నుంచి ఇంకో పని. పిలవకుండా వచ్చినవి రాసుకోండి, ఏ చప్పుడుకి, ఎక్కడ ఉండగా వచ్చిందో సహా. రెండు లైన్లు మించొద్దు. మించితే అది డైరీ పోయి నేరాల చిట్టా అవుతుంది, మీ చేతి వాటం నాకు అర్థమైంది.

చివరిగా అమ్మాయి. మీరు అడిగింది: దానికి జబ్బు సంగతి చెప్పాలా వద్దా.

చెప్పకుండా ఉండొచ్చు. మొదటి సెమిస్టరు, కొత్త ఊరు, దిగులు పెట్టడమెందుకన్న మీ మాటలో న్యాయముంది. కానీ ఆ రాత్రి అది నవ్వేసి "సర్లే, పడుకో" అందే, ఆ నవ్వు నాకు కొంచెం అనుమానం. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంట్లో రెండేళ్లుగా నాన్న అన్నం వదిలేయడం చూసింది. ఏమీ చెప్పకపోతే ఏమీ తెలియదని కాదు, తనకి తోచిన కారణం తను పెట్టుకుంటుంది. 'నాన్నకి నా గురించి పట్టదు' అన్నదే ఆ కారణం కావచ్చు. అంతా చెప్పేస్తే? ఆస్పత్రి రాత్రితో సహా? ఫోన్లో, ఆదివారం పది నిమిషాల్లో, హాస్టల్ గదిలో ఒక్కతే ఉన్న పిల్లకి అది మోయలేని బరువు. సెలవులకి వచ్చి ఎదురుగా ఉన్నప్పుడు, మీ ఆవిడ పక్కనుండగా, జబ్బు పేరు, మందు వాడుతున్న సంగతి, నయమవుతుందన్న సంగతి, ఇంతవరకు చెబితే సరిపోతుందని నా ఉద్దేశం. కొందరు తండ్రులు వాళ్లావిడ చెప్పిన సంగతి ఒకటి బట్టీపట్టి తమకే గుర్తొచ్చినట్టు చెప్పేస్తారు. అదీ చేయొచ్చు, పట్టుబడకపోవచ్చు. కానీ మీకు తెలుసు అది అరువు తెచ్చుకున్నదని, అది మీ దిగులుకి ఇంకో మేత అవుతుంది. "మీ అమ్మ చెప్పింది" అని కలిపి చెబితే ఆ చిక్కే లేదు.

అయినా అరువు దేనికి? ఆగస్టులో అడిగినదానికి మీ దగ్గర సొంత జవాబు ఇప్పుడు ఉంది. రెండు సెకన్లదే కావచ్చు. అడిగిన నాలుగు నెలల తర్వాత చెప్పడం సిగ్గనిపిస్తే ఫోన్లో చెప్పొద్దు, మెసేజ్ రాయండి. మార్జిన్‌లో నాకు రాసిన నాలుగు లైన్లే రాయండి, ఏమీ కలపకండి, చివర్లో క్షమాపణ కూడా వద్దు. దానికి ఆ సంగతి గుర్తుండకపోవచ్చు, అప్పటికి నాలుగేళ్లదేగా. "నిజంగా తినేశావా?" అని అడుగుతుందేమో.

పండక్కి వస్తుందన్నారు. తేగలు అప్పటికింకా దొరుకుతాయి, ఒక కట్ట తెప్పించండి. చీల్చే పని మీరు చేయండి, చందమామ మాత్రం ఈసారి పరధ్యానంలో నోట్లో వేసుకోకండి.